రోముకు గైడుతో, మిగతా రేవుల్లో మీ ఇద్దరే

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. వయసు 61. మావారికి 66, ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేశారు. ఆయనకు మోకాలి నొప్పి. నెమ్మదిగా ఓ గంట నడవగలరు కానీ మెట్లంటే కష్టం. జర్మనీలో ఉంటున్న మా అబ్బాయి అక్టోబరులో మా ఇద్దరికీ మధ్యధరా సముద్రంలో 7 రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. ఆదివారం బార్సిలోనాలో ఎక్కితే సోమవారం మార్సెయ్, మంగళవారం జెనోవా, బుధవారం రోముకని చివితావెక్కియా, గురువారం పలెర్మో, శుక్రవారం మాల్టాలోని వాలెట్టా, శనివారమంతా సముద్రం, ఆదివారం మళ్లీ బార్సిలోనా. అబ్బాయికి సెలవు లేదు, మమ్మల్ని ఓడ ఎక్కించి వెళ్లిపోతాడు. "ఓడవాళ్ల టూర్లు దండగమ్మా, రైలెక్కి మీరే తిరిగి రండి" అంటాడు. మా మరిదేమో "ఊరు కాని ఊళ్లో ప్రయోగాలు వద్దు వదినా, అన్ని చోట్లా టూర్లు తీసుకోండి" అంటున్నాడు. ఓడ మమ్మల్ని వదిలేసి పోతుందేమోనని మావారికి ఒకటే టెన్షన్. "నేను ఓడలోనే కూర్చుంటా, నువ్వెళ్లి రా" అంటున్నారు. మేం శాకాహారులం. నాకు ఇంగ్లీషు వచ్చు. ఏం చేయమంటారు?
పేరు రాయొద్దన్న పాఠకురాలు

సమాధానం:

టీచరు గారూ,

మీ అబ్బాయి మాటా నిజమే, మీ మరిది మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ ఐదు రేవుల్నీ ఒకే గాటన కట్టేశారు. జెనోవా, పలెర్మో, వాలెట్టాల్లో ఓడ దాదాపు ఊరి గుమ్మంలోనే ఆగుతుంది. దిగి కాస్త నడిస్తే బజారే. మార్సెయ్‌లో ఊరికి కొన్ని కిలోమీటర్ల ఇవతల ఆగుతుంది. చివితావెక్కియా అయితే అసలు రోమే కాదు. రోముకు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ఊరు. రాజమండ్రి చూద్దామని వచ్చినవాళ్లను కాకినాడ రేవులో దింపినట్టన్నమాట, ఇంకాస్త ఎక్కువ దూరమే.

అందుకని నా సలహా ఇది. రోముకు మాత్రం ఓడవాళ్ల గైడెడ్ టూరు కొనండి. మిగతా నాలుగు చోట్లా మీ ఇద్దరే తిరగండి. ఐదు టూర్లకు పెట్టే డబ్బు ఒక్కదానికి పెడితే ఆ ఒక్కటీ మంచిది ఎంచుకోవచ్చు.

రోముకు రైల్లో వెళ్లొచ్చని మీ అబ్బాయి అన్నది తప్పేం కాదు, రోజూ ఎంతోమంది వెళ్తారు. కానీ మీ లెక్క మీరు వేసుకోండి. ఓడ ఉదయం 8కి ఆగినా మీరు దిగేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. రేవు చాలా పెద్దది, లోపల నడవనివ్వరు. షటిల్ బస్సులో రేవు బయటికి రావాలి. అక్కడి నుంచి స్టేషనుకు ఇంకో బస్సు, లేదా పావుగంట పైన నడక. టికెట్ కొని, కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం దగ్గరున్న మిషన్లో ముద్ర వేయించుకోవాలి. అది మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. స్టేషన్లో మెట్లు తప్పవు. రైల్లో గంట పైచిలుకు. ఇన్ని దాటి రోములో అడుగు పెట్టేసరికి పదిన్నర, పదకొండు. ఓడ సాయంత్రం 7కి బయల్దేరుతుందంటే మీరు నాలుగింటికల్లా తిరుగు రైలెక్కితేనే మనసు నిమ్మళం. మధ్యలో మిగిలేది ఐదు గంటలు. మోకాలి నొప్పితో, ఒక కన్ను గడియారం మీద పెట్టి, అంత పెద్ద ఊళ్లో ఐదు గంటలు.

ఇటలీలో రైళ్ల సమ్మెలు కొత్త కాదు. ముందే ప్రకటిస్తారు, ఆ రోజు కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని రైళ్లు గ్యారంటీగా నడుపుతారు. మీరు తిరిగి రావాల్సిన మధ్యాహ్నం ఆ రెండింటికీ మధ్యలో పడుతుంది చూశారా. మీవారి టెన్షన్‌కు నిజంగా ఆస్కారం ఉన్న చోటు ఈ ఒక్కటే. ఓడవాళ్ల టూరు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ దానికోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు వాళ్లదే. ఆ పూచీ కోసమే రోములో ఎక్కువ డబ్బు పెట్టమంటున్నాను.

రెండో కారణం మీ సబ్జెక్టు. ఇన్నేళ్లు పిల్లలకు రోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పారు. కొలోసియం పక్కనే ఉన్న ఫోరాన్ని, అంటే ప్రాచీన రోము నడిబొడ్డు కూడలిని, చెప్పేవాళ్లు లేకుండా చూస్తే విరిగిన స్తంభాలు, రాళ్ల గుట్టలు, అంతే. సెనేట్ ఎక్కడ కూర్చునేది, జూలియస్ సీజర్ శవాన్ని దహనం చేసింది ఏ చోట, విజయయాత్ర ఏ దారిన సాగేది అని ఒకరు చెయ్యి పెట్టి చూపిస్తే అదే నేల మాట్లాడుతుంది. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు కుండలో దొరికాయి కదా. ఆ నాణేల మీది రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ నడిచిన దారి మీ కళ్ల ముందు ఉంటుంది. ఇలాంటి చోట గైడుకు ఇచ్చే డబ్బుకు నేనెప్పుడూ వెనకాడను. బజారు చూడటానికి, సముద్రపు ఒడ్డున కూర్చోవడానికి మాత్రం గైడు ఎందుకు?

అయితే ఏ టూరు పడితే ఆ టూరు కొనకండి. నేను ఒకసారి వివరాలు సరిగ్గా చదవకుండా రోము టూరు కొన్నాను. బస్సులో 40 మందికి పైగా ఉన్నాం. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర 20 నిమిషాలు, ఒక సావనీర్ల షాపులో 40 నిమిషాలు. సెయింట్ పీటర్స్ చర్చిని బస్సు కిటికీలోంచి చూపించారు. ఇంటికొచ్చాక టూరు కాగితం తీసి చదివితే అందులో అలాగే రాసి ఉంది. "పనోరమిక్" అంటే బస్సులోంచి చూపిస్తారని, "ఫొటో స్టాప్" అంటే దిగి ఫొటో తీసుకుని ఎక్కేయాలని అర్థం. మీరు వెతకాల్సింది "లోపలి ప్రవేశం టికెట్‌తో సహా" అన్న మాట. నడక ఎంత, మెట్లు ఎన్ని అన్నది కూడా ప్రతి టూరు పక్కన గుర్తులతో ఇస్తారు. తక్కువ నడక ఉన్నదే తీసుకోండి. కొలోసియంలో లిఫ్టు ఉంది, ఫోరంలో నేల మాత్రం ఎగుడుదిగుడు. బస్సెక్కగానే గైడుకు మీవారి మోకాలి సంగతి చెప్పండి. చెవిలో పెట్టుకునే రేడియో ఇస్తారు కాబట్టి మీరు పది అడుగులు వెనకబడినా మాట వినిపిస్తుంది.

ఇంకో సంగతి. మీరు వెళ్లేది బుధవారం. పోప్ రోములో ఉన్న బుధవారాల్లో ఉదయం పూట సెయింట్ పీటర్స్ ముందున్న మైదానంలో భక్తులకు దర్శనమిస్తారు. ఆ కార్యక్రమం అయ్యేదాకా చర్చి లోపలికి సందర్శకులను పంపరు. కాబట్టి ఉదయం కొలోసియం, మధ్యాహ్నం చర్చి ఉన్న టూరయితే మేలు. ఇది ముందే అడగండి. టూరును అబ్బాయితో ఇప్పుడే ఆన్‌లైన్లో బుక్ చేయించండి. మంచివి ముందే నిండిపోతాయి, ఓడ ఎక్కాక కొంటే చాలాసార్లు ధర ఎక్కువ.

రేవు బయట చిన్న వ్యాన్లతో స్థానిక కంపెనీలవాళ్లు కూడా ఉంటారు. ఎనిమిది మందికి ఒక గైడు, ధర కూడా తక్కువ, చాలావరకు మంచి గైడ్లే. కానీ వాళ్లు ఎంత మాట ఇచ్చినా వాళ్ల వ్యాను కోసం ఓడ ఆగదు. ఇది మీ మొదటి క్రూయిజ్, మీవారి మనసు కుదుటగా ఉండటం ముఖ్యం. ఈసారికి వద్దు.

ఇక మీవారి భయం గురించి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఆ భయం నేను అనుభవించాను. ఒకసారి లివోర్నో రేవు నుంచి మేమిద్దరం మా అంతట మేమే ఫ్లోరెన్సు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో పీసాలో రైలు మారాలి. స్టేషన్ బాత్రూమ్ దగ్గర క్యూలో నిలబడ్డాం, కళ్ల ముందే రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలు పట్టుకుని, టాక్సీలో రేవుకు చేరేసరికి ఓడ మెట్లు తీయడానికి పావుగంట ఉంది. తప్పు మాదే, ఒక రైలు ముందు బయల్దేరాల్సింది. ఫ్లోరెన్సులో ఏం చూశామో సగం మర్చిపోయాను గానీ ఆ టాక్సీలో పడ్డ దడ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఓడకూ నాకూ మధ్య రైలు ఉంటే గైడెడ్ టూరు, నడిచి వెనక్కి రాగలిగితే నా అంతట నేను. ఇదే నేను పాటించే పద్ధతి.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెప్తాను, తెలియకపోవడం వల్లే భయం ఎక్కువవుతుంది. ఓడ బయల్దేరే సమయానికి అరగంటో గంటో ముందు "అందరూ ఎక్కాల్సిన సమయం" అని ఒకటి పెడతారు. దిగేచోట బోర్డు మీద రాస్తారు, రోజూ గదికి వచ్చే కాగితంలోనో యాప్‌లోనో ఇస్తారు. మీరు చూసుకోవాల్సింది అదే. మీ దారిలోని స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా నాలుగింటికీ గడియారం ఒకటే, కాబట్టి టైము మార్చుకునే గొడవ లేదు. ప్రతి రేవులో ఓడకు ఒక ఏజెంటు ఉంటారు, వాళ్ల ఫోన్ నంబరు ఆ రోజు కాగితంలో ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, చిన్న చీటీ మీద రాసి మీవారి జేబులో కూడా పెట్టండి. ఎవరైనా రాకపోతే సాధారణంగా వాళ్ల పాస్‌పోర్టులు తీసి ఆ ఏజెంటుకు అప్పజెప్పి ఓడ వెళ్తుంది. తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో వెళ్లి ఎక్కాలి. ఖర్చు, శ్రమ తప్పవు, కానీ దిక్కులేనివాళ్లం అయిపోం.

మీవారు డిపో కంట్రోలరుగా చేశారన్నారు. జీవితమంతా బస్సుల్ని టైముకు పంపిన మనిషికి "బయల్దేరిపోయింది" అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. అందుకే టైము బాధ్యత ఆయనకే అప్పగించండి. ప్రతి రేవులో ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఆయనే నిర్ణయించాలి, ఆయన చెప్పాక మీరు ఇంకో ఐదు నిమిషాలు అనకూడదు. అందరూ ఎక్కాల్సిన సమయానికి గంటన్నర ముందే ఓడలో ఉంటామన్నా సరేననండి. ఆ ఊళ్లలో మీకు రోజంతా అక్కర్లేదు, మూడు నాలుగు గంటలు చాలు.

మార్సెయ్‌లో ఓడ దగ్గర షటిల్ బస్సు ఎక్కండి, దీనికి డబ్బు తీసుకుంటారు. పాత రేవు దగ్గర చిన్న బొమ్మ రైలు లాంటి బండి ఉంటుంది. అది రోడ్డు మీదే నడిచి నోత్ర్‌దామ్ ద లా గార్ద్ చర్చి ఉన్న కొండ ఎక్కిస్తుంది. పైన చర్చిలోకి మెట్లున్నాయి. మీవారు ఎక్కకపోయినా ఫర్వాలేదు, ఊరు, దీవులు, సముద్రం అక్కడి నుంచే కనిపిస్తాయి. కొండ మీద ఒక్కోసారి మిస్ట్రాల్ అనే చలిగాలి ఈడ్చి కొడుతుంది, శాలువా తీసుకెళ్లండి.

జెనోవాలో రైల్వే స్టేషను, టాక్సీలు అన్నీ రేవు పక్కనే. రేవు వెంట నెమ్మదిగా నడిస్తే 20 నిమిషాల్లో అక్వేరియం వస్తుంది. నాకయితే అంతకంటే కాస్తెల్లెత్తో అనే ఎత్తైన చోటు ఇష్టం. పోర్తెల్లో కూడలి నుంచి కొండలోపల ఉన్న పాత లిఫ్టు మిమ్మల్ని ఊరి పైకప్పుల మీదికి తీసుకెళ్తుంది. అక్కడ బెంచీ మీద కూర్చుంటే నల్లటి పలకరాతి కప్పులు, 1543లో కట్టిన దీపస్తంభం, రేవు కనిపిస్తాయి. పోర్తెల్లో దాకా టాక్సీలో వెళ్లండి, మర్నాడు రోము ఉంది కాబట్టి మోకాలిని ఇక్కడ అరగదీయొద్దు. ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగోకపోతే ఓడలోనే ఉండనివ్వండి, మీరొక్కరే గంటన్నర తిరిగి రావడానికి భయపడాల్సిన ఊరు కాదది.

పలెర్మోలో మీకు మన ఆటోలు కనిపిస్తాయి! ఆపె అనే మూడు చక్రాల బండి ఇటలీలోనే పుట్టింది. పలెర్మోలో వాటిని రంగులతో అలంకరించి టూరిస్టుల్ని తిప్పుతారు. నడవలేనివాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఎక్కే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ధర మనిషికా బండికా, ఎన్ని నిమిషాలు, ఎక్కడెక్కడ ఆపుతారు. ఇటలీలోకెల్లా పెద్ద ఒపేరా హాలు తియాత్రో మాస్సిమో, నాలుగు మూలలా విగ్రహాలున్న క్వాత్రో కాంతీ కూడలి, కెథెడ్రల్, బల్లరో బజారు, ఇవన్నీ దగ్గర దగ్గరే. ఒక్క లోపలి చోటు చూడగలిగితే రాజభవనంలోని పాలటైన్ చాపెల్ చూడండి. 12వ శతాబ్దంలో నార్మన్ రాజు రెండో రోజర్ కట్టించిన క్రైస్తవ ప్రార్థన మందిరం. గోడల మీద బైజాంటిన్ బంగారు మొజాయిక్, పైన అరబ్బు పనివాళ్లు చెక్కిన చెక్క కప్పు. మూడు నాగరికతలు ఒక్క గదిలో ఉన్న చోటు, సోషల్ టీచరుగా మీరు దాన్ని వదలకూడదు. పైకి మెట్లు ఉంటాయి, కాబట్టి మీవారిని కిందే కూర్చోబెట్టాల్సి రావచ్చు.

తిండి గురించి దిగులు పడకండి. మీ రేవుల్లో మూడింట శనగపిండి వంటలు బజార్లో దొరుకుతాయి. మార్సెయ్‌లో పానీస్, అంటే శనగపిండి ఉడికించి, గట్టిపడ్డాక ముక్కలు కోసి వేయించింది. జెనోవాలో ఫారినాతా, శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన అట్టు. మిరియాల పొడి చల్లుకుని వేడివేడిగా తింటే మన ఇంటి వంటే అనిపిస్తుంది. పలెర్మోలో పానెల్లె, పల్చటి శనగపిండి ముక్కలు వేయించి బ్రెడ్డు మధ్య పెట్టి ఇస్తారు. ఒక్క జాగ్రత్త, వేయించేవి కొన్ని దుకాణాల్లో చేపలు వేయించిన నూనెలోనే వేస్తారు, అడిగి తినండి. ఫారినాతా కాల్చింది కాబట్టి ఆ పట్టింపు లేదు, కాకపోతే ఏమీ కలపని సాదాదే అడగండి. "సెంజా కార్నే, సెంజా పెషే" అంటే మాంసం, చేప లేకుండా అని. ఈ ఒక్క మాట నేర్చుకుంటే ఇటలీలో గడిచిపోతుంది. ఓడలో బఫే నుంచి వండిన తిండి బయటికి తీసుకెళ్లొద్దంటారు, సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్ సంచిలో ఉంచుకోండి.

బాత్రూమ్ సంగతి ఎవరూ రాయరు గానీ మన వయసులో అదే పెద్ద సమస్య. ఓడ దిగేముందు ఒకసారి వెళ్లి రండి. ఊళ్లో అయితే కాఫీ షాపులో ఒక కాఫీ తాగి అడగండి, కాదనరు. చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి, బయట చాలాచోట్ల డబ్బులు తీసుకుంటారు. బంగారు గొలుసులు, గాజులు ఓడ గదిలోని లాకర్లో పెట్టేయండి. బార్సిలోనా, రోములలో రద్దీలో జేబుదొంగలు చాలా ఎక్కువ. పాస్‌పోర్టు కూడా లాకర్లోనే ఉంచి, ఫొటోకాపీ, ఓడ కార్డు వెంట తీసుకెళ్లండి.

మీ అబ్బాయి చేత ఒక జర్మనీ సిమ్ తెప్పించుకోండి. అది మీ దారిలోని నాలుగు దేశాల్లోనూ రోమింగ్ ఖర్చు లేకుండా పనిచేస్తుంది. ఓడ కదిలేముందు మాత్రం ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే సముద్రం మీద ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా చర్చి చూడాలనుకుంటే అబ్బాయి పక్కనున్నప్పుడే, ఓడ ఎక్కేముందు రోజుకు ఆన్‌లైన్లో టికెట్ తీయించండి.

వాలెట్టాను చివరికి ఉంచాను. మీవారిని ఓడలోంచి దింపడానికి ఆ ఊరి పేరే చెప్పండి. బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఇంగ్లీషు అక్కడ అధికార భాష. కోట గోడ మీద ఉన్న ఊరు, ఓడ ఆ గోడ కిందే ఆగుతుంది. మెట్లెక్కక్కర్లేదు, రేవు దగ్గర బరక్కా లిఫ్టు ఉంది, 58 మీటర్లు ఒక్కసారిగా పైకి తీసుకెళ్తుంది. పైన అప్పర్ బరక్కా తోట. ఆ పిట్టగోడ పక్కన నిలబడి చూస్తే గ్రాండ్ హార్బర్ అంతా పరుచుకుని ఉంటుంది, అందులో మీ ఓడ కూడా. ఆయన ఎంతసేపు కూర్చున్నా ఓడ కళ్ల ముందే ఉంటుంది. మీరు ఆయన్ను అక్కడ బెంచీ మీద ఉంచి, పది నిమిషాల దూరంలో ఉన్న సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్‌కు వెళ్లి, ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో గీసిన పెద్ద చిత్రం చూసి రావచ్చు.

తోట కిందున్న వరుసలో ఫిరంగులు ఉంటాయి. మధ్యాహ్నం 12కి ఒకటి పేలుస్తారు, సాయంత్రం 4కి ఇంకొకటి. పదకొండున్నరకల్లా వెళ్లి పిట్టగోడ దగ్గర చోటు పట్టుకోండి. చప్పుడు గట్టిగానే ఉంటుంది, మీవారికి ముందే చెప్పి ఉంచండి.